చదువుకీ కొలువుకీ నడుమ ఖర్చు ఎవరిది?

బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసిన పిల్లలకు ఇంట్లోనూ కాలేజీలోనూ వినిపించే సలహాలు ఎక్కువగా రెండు రకాలు. నీకు ఏది ఇష్టమో అదే చెయ్యమనేది ఒకటి. ఇప్పుడు మార్కెట్లో దేనికి గిరాకీ ఉందో అది నేర్చుకొమ్మనేది రెండోది. రెండూ పిల్లల మంచి కోరి చెప్పేవే. కానీ హైదరాబాద్‌లో కంప్యూటర్ కొలువుల అరవై ఏళ్ల చరిత్ర తిరగేస్తే, ఇష్టం కంటే, గిరాకీ కంటే గట్టిగా పిల్లల దారిని తేల్చింది ఇంకొకటి కనిపిస్తుంది. కాలేజీ గేటు దాటిన రోజుకీ, ఎవరైనా నమ్మి పని అప్పగించే రోజుకీ మధ్య కొన్ని నెలలుంటాయి. ఒక్కోసారి రెండేళ్లూ ఉంటాయి. ఆ కాలమంతా తిండి, అద్దె, నేర్చుకునే ఖర్చు, తప్పులు చేసి దిద్దుకునే వెసులుబాటు ఎవరో ఒకరు భరించాలి. సంస్థ భరించిన రోజుల్లో కుర్రాళ్లు పనిని చూసి దారి ఎంచుకున్నారు. కుటుంబం భరించిన రోజుల్లో అప్పు తీర్చే గడువును చూసి ఎంచుకున్నారు. ఈ తేడా వాళ్ల తెలివితేటల వల్ల వచ్చింది కాదని ఈ ఊరి చరిత్రే చెబుతుంది.

మొదటి తరం కథ ఈసీఐఎల్‌తో మొదలవుతుంది. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఈ సంస్థ హైదరాబాద్‌లో ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు ఈనాటికీ ఏఎస్ రావు నగర్‌లో వినపడుతోంది. అణుశక్తి కార్యక్రమానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారు చేసుకోవాలన్నది అసలు ఉద్దేశం. కంప్యూటర్ ఆ అవసరం వెంట వచ్చింది. భాభా అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న ట్రాంబే డిజిటల్ కంప్యూటర్‌ను ఈసీఐఎల్ టీడీసీ-12 పేరుతో తయారు చేసింది. ఆ తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. వీటి మీద పని చేసినవాళ్లకు కంప్యూటర్ సైన్స్ బీటెక్ పట్టా ఉండే వీలే లేదు. దేశంలో ఆ స్థాయిలో ఆ బ్రాంచి 1970ల చివర్లో గానీ మొదలు కాలేదు. ఐఐటీ కాన్పూర్‌కు 1963లోనే ఐబీఎం 1620 యంత్రం వచ్చి, అక్కడ కంప్యూటర్ పాఠాలు మొదలైన మాట నిజమే. వాటిని నేర్చుకున్నది మాత్రం వేరే బ్రాంచీల విద్యార్థులు. ఈసీఐఎల్‌లో చేరినవాళ్లు ఎలక్ట్రానిక్సో, ఎలక్ట్రికలో, ఫిజిక్సో చదివి వచ్చి, నెల జీతం తీసుకుంటూ కంప్యూటర్ నేర్చుకున్నారు. యంత్రాన్ని కట్టడం, దానికి ప్రోగ్రాములు రాయడం రెండూ ఒకే సంస్థలో జరిగేవి. హార్డ్‌వేర్ వైపు పోవాలా, సాఫ్ట్‌వేర్ వైపు పోవాలా అన్నది రెండింటినీ దగ్గరగా చూశాక తేల్చుకునే వీలు ఆ తరానికి దొరికింది. ఈ ఒక్క సౌకర్యం తర్వాతి ఏ తరానికీ అంత నిండుగా దక్కలేదు.

సీఎంసీ కథ ఇంకా విశేషమైనది. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాల్సి వచ్చింది. ఐబీఎం ఒప్పుకోలేదు. 1978లో దేశం విడిచి వెళ్లింది. అప్పటిదాకా ఐబీఎం అద్దెకిచ్చిన 1401 లాంటి పాత యంత్రాలు, వాటి పంచ్ కార్డులు, వాటి మీద ఆధారపడిన రైల్వేలూ కర్మాగారాలూ అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. 1975లోనే ఏర్పాటైన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, వాటిని నడిపే బాధ్యత తలకెత్తుకుంది. ఒక్క కంపెనీ యంత్రం తెలిస్తే చాలదు. ఎవరు తయారు చేసిందైనా బాగు చేయగలగాలి. అలా రకరకాల యంత్రాల లోపలి మర్మం తెలిసిన ఇంజనీర్లు తయారయ్యారు. సికింద్రాబాద్‌లో సీఎంసీ పరిశోధన కేంద్రం పెట్టింది. 1980ల నడుమ రైల్వే రిజర్వేషన్‌ను కంప్యూటర్‌కు ఎక్కించినది ఈ సంస్థే. రైలు టికెట్టంటే చిన్న లెక్క కాదు. ఒకే బెర్తును ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా ఒకరికి, అక్కడి నుంచి మరొకరికి ఇవ్వాలి. కోటాలు, వెయిటింగ్ లిస్టు, రద్దులు అన్నీ ఒక్క క్షణంలో సరిపోవాలి. ఇద్దరు గుమాస్తాలు ఒకే బెర్తు అడిగితే ఒక్కరికే దక్కాలి. ఇలాంటి పని చేసినవాళ్లు పుస్తకంలో లేని కంప్యూటర్ సైన్స్ నేర్చుకున్నారు. దానికి డబ్బు పెట్టింది ప్రభుత్వ రంగ సంస్థ. 1973లో అప్రెంటిస్ చట్టాన్ని సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులను కూడా అందులో చేర్చారు. దాంతో పట్టా పొందిన కొత్తలో స్టైపెండ్ మీద పని నేర్చుకోవడానికి చట్టబద్ధమైన దారి ఏర్పడింది.

ఇక్కడొక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆ రోజుల్లో ఇలాంటి ఉద్యోగాలు ఎన్ని? చేరినవాళ్లు ఎవరు? ఉద్యోగాలు కొద్ది. ఇంజనీరింగ్ కాలేజీలూ కొద్దే. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయం, కాకినాడ, అనంతపురం, వరంగల్ ఆర్ఈసీ, ఇలా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందులో సీటు తెచ్చుకోగలిగినవాళ్లు ఎక్కువగా పట్టణాల్లో ఇంగ్లీషు చదువుకున్న కుటుంబాల పిల్లలు. కాబట్టి ఆ కాలాన్ని స్వర్ణయుగంగా తలుచుకుంటే, అందులో చోటే దొరకని లక్షలాది పల్లెటూరి పిల్లలకు అన్యాయం చేసినట్టవుతుంది. నేను ఆ కాలం తిరిగి రావాలని అడగడం లేదు. పని నేర్పే ఖర్చు యజమాని పెట్టుకుంటే ఏం జరుగుతుందో ఆ కాలం చూపించింది. అంతమట్టుకే దాని సాక్ష్యం. ఆ సంస్థల్లో పని నేర్చుకున్నవాళ్లలో పలువురు బయటికొచ్చి హైదరాబాద్‌లో చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టారు. సంస్థ పెట్టిన ఖర్చు ఊరికి లాభంగా తిరిగొచ్చింది.

1980లకు వచ్చేసరికి ఖర్చు మోసే భుజం మారడం మొదలైంది. దేశానికి కంప్యూటర్ తెలిసిన మనుషులు చాలరని గుర్తించి, ప్రొఫెసర్ వి. రాజారామన్ నాయకత్వంలోని కమిటీ, బీఎస్సీ, బీకాం చదివినవాళ్లను కూడా ఈ రంగంలోకి తీసుకొచ్చే మూడేళ్ల ఎంసీఏ కోర్సుకు బాట వేసింది. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కంప్యూటర్ల దిగుమతి నిబంధనలు సడలించింది. 1986లో సాఫ్ట్‌వేర్ ఎగుమతుల విధానం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే ఇంకో కదలిక నడుస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వ్యవసాయంలో మిగిలిన డబ్బు సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి వెళ్లినట్టే చదువులోకీ వెళ్లింది. ఇక్కడ సీటు రానివాళ్లు కర్ణాటక వెళ్లి డొనేషన్ కట్టి చదివేవాళ్లు. 1979లో సీబీఐటీ, 1981లో వాసవి లాంటి ప్రైవేటు కాలేజీలు హైదరాబాద్‌లో మొదలయ్యాయి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ప్రైవేటు కాలేజీల ఫీజుల వివాదం ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1993లో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే పద్ధతి వచ్చింది. ఈ వాదోపవాదాలన్నీ కాలేజీ ఫీజు చుట్టూనే తిరిగాయి. అప్రెంటిస్ చట్టం ఒక్కటి తప్పిస్తే, పట్టా తర్వాతి ఖర్చు గురించి ఏ చట్టమూ ఏ కోర్టూ మాట్లాడలేదు. అది అప్పటికి ఎవరి కంటికీ ఆనని సమస్య. పదేళ్లలో అదే అన్నిటికన్నా పెద్ద సమస్య అయింది.

దాన్ని పెద్దది చేసినవి రెండు. ఒకటి 2000 సంవత్సరం, రెండోది అమెరికా వీసా. కంప్యూటర్ మెమరీ బంగారంలా ఖరీదైన రోజుల్లో కోబాల్ ప్రోగ్రాములు రాసినవాళ్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచారు. 1935లో పుట్టిన మనిషి రికార్డులో 35 అని ఉంటుంది. 1998లో వయసు లెక్కకట్టాలంటే 98లోంచి 35 తీసేస్తే 63 వస్తుంది, సరిపోతుంది. 2000 వచ్చేసరికి 00 లోంచి 35 తీసెయ్యాలి. పింఛను అందుకోవలసిన పెద్దాయన ఇంకా పుట్టనట్టు లెక్క తేలుతుంది. బ్యాంకు వడ్డీలు, బీమా గడువులు, సరుకు తేదీలు అన్నిటికీ ఇదే చిక్కు. విరుగుడు కష్టమైనది కాదు, కానీ విసుగు పుట్టించేది. లక్షల వరుసల ప్రోగ్రాముల్లో తేదీ ఎక్కడెక్కడ ఉందో వెతకాలి, రెండంకెలను నాలుగు చేయాలి, మళ్లీ అంతా నడిపి చూడాలి. ఓపికున్న మనుషులు వేల సంఖ్యలో కావాలి. పని గడువు మాత్రం 1999 డిసెంబర్ 31. అదే సమయంలో అమెరికా 1990 చట్టంతో ఏడాదికి 65 వేలుగా పెట్టిన హెచ్-1బీ వీసాల పరిమితిని 1999కి 1,15,000 చేసింది, 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000 చేసింది. కంప్యూటర్ సైన్స్ చదివినా, సివిల్ చదివినా, ఎంసీఏ చేసినా, మూడు నాలుగు నెలల్లో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుంటే విమానం ఎక్కొచ్చన్న నమ్మకం కుదిరింది. ఆ మూడు నాలుగు నెలల ఖర్చు కంపెనీ పెట్టదు, ప్రభుత్వం పెట్టదు. నాన్న పెట్టాలి.

అలా పెరిగింది అమీర్‌పేట. మైత్రీవనం కూడలి నుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ దాకా గోడలు, స్తంభాలు, మెట్ల పక్క ఖాళీలు కోర్సుల పేర్లతో నిండిపోయాయి. పొద్దున ఆరేడు గంటలకే బ్యాచ్‌లు మొదలవుతాయి. మొదటి ఒకటి రెండు క్లాసులు డెమో, ఉచితం. నచ్చితే ఫీజు కట్టాలి. ఒక్కో హాల్లో వందకు పైగా మంది, ముందు బెంచీల కోసం పోటీ. పాఠం చెప్పే సారు తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్తాడు. ఆయన బోర్డు మీద రాసినవన్నీ ఎవరో ఒకరు చక్కటి దస్తూరిలో రాసుకుంటారు. వారం తిరక్కుండా ఆ నోట్సు కింది జిరాక్స్ షాపులో కట్టగా దొరుకుతుంది. పక్కనే ఎస్ఆర్ నగర్ హాస్టళ్లు, ఒక్కో గదిలో నలుగురైదుగురు. గోడ మీది కోర్సుల పేర్లే ఆ వీధి చరిత్ర. మొదట కోబాల్, మెయిన్‌ఫ్రేమ్. తర్వాత ఒరాకిల్, విజువల్ బేసిక్. ఆ తర్వాత జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్ టూల్స్. తర్వాత హడూప్, సేల్స్‌ఫోర్స్, క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్. పాత పేరు మీద కొత్త పేరు అతికించడమే తప్ప, పాత కోర్సు చేసినవాళ్లు ఏమయ్యారన్న సంగతి ఆ గోడ మీద ఉండదు. అమెరికాలో 2000లో డాట్‌కామ్ కుప్పకూలినప్పుడు, 2008 మాంద్యంలో, ఆ కోర్సులకు డబ్బు కట్టినవాళ్లు సగంలో నిలబడిపోయారు. పట్టా తర్వాత దారి ఎంచుకోవడమంటే ఆ నెలలో ఏ బ్యాచ్ మొదలవుతోందో చూసుకోవడంగా మారింది.

దీన్ని గుంపు మనస్తత్వం అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అప్పు చేసి కోర్సులో చేరిన కుర్రాడి లెక్కను వాడి వైపు నుంచి చూడాలి. వాడి చేతిలో ఆరు నెలలుంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్ లోతుగా చదివితే పదేళ్ల తర్వాత పనికొస్తుందని వాడికీ తెలుసు. కానీ ఆరు నెలల్లో ఇంటర్వ్యూ దాటించేది ఆ లోతు కాదు, ఆ ఏడాది అడుగుతున్న టూలు. గడువు చిన్నదైనప్పుడు చిన్న దారే తెలివైన దారి. చైనా మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావ్ హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య తిరిగి పరిశోధన చేసి, 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అనే పుస్తకం ప్రచురించాడు. కన్సల్టెన్సీలు వీసా ఇప్పించి మనుషులను విదేశీ కంపెనీలకు అద్దెకివ్వడం, పని లేనప్పుడు బెంచి మీద కూర్చోబెట్టడం, ఆ నష్టాన్ని ఉద్యోగి నెత్తినే వేయడం, ఇవన్నీ ఆయన విప్పి చూపించాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ యంత్రాంగం వెనక కట్నం డబ్బు ఉందని ఎత్తిచూపాడు. సాఫ్ట్‌వేర్ వరుడికి ధర పెరిగింది. ఆ ఆశతోనే కొడుకు చదువుకీ కోర్సుకీ ప్రయాణానికీ కుటుంబాలు అప్పు తెచ్చాయి. అంటే, అమెరికా కంపెనీ పెట్టాల్సిన శిక్షణ ఖర్చులో కొంత చివరికి మన పల్లెల్లో ఆడపిల్ల తండ్రి చెల్లించాడు. ఈ లెక్కలో ఆడపిల్ల రెండుసార్లు నష్టపోయింది. తనే కంప్యూటర్ సైన్స్ చదివితే, అమీర్‌పేటలో ఉండి వెతుక్కోవడానికి అన్నకు ఇచ్చిన రెండేళ్లు చాలా ఇళ్లలో తనకు ఇవ్వలేదు. ఏడాదిలో ఉద్యోగం రాకపోతే సంబంధాలు చూడటం మొదలు. ఉన్న వ్యవధి ఇంకా చిన్నదైనప్పుడు ఎంచుకునే దారి కూడా ఇంకా ఇరుకవుతుంది.

అయితే అమీర్‌పేట చేసిన మేలును కాదంటే చరిత్రకు అపచారం. శ్రీకాకుళంలోనో, పాలమూరులోనో తెలుగు మీడియంలో చదివి, కాలేజీలో నాలుగేళ్లూ అర్థం కాని ఇంగ్లీషు పాఠాలు బట్టీ పట్టిన పిల్లలకు, ఒక లూప్ ఎలా తిరుగుతుందో, ఒక ఆబ్జెక్ట్ అంటే ఏమిటో మొదటిసారి అర్థమయ్యేలా తెలుగులో చెప్పింది ఆ వీధే. కాలేజీ ఫీజుతో పోలిస్తే అక్కడి ఫీజు చాలా తక్కువ. ఎంట్రన్స్ పరీక్ష లేదు, మార్కుల జాబితా అడగరు, కులం అడగరు. ఈసీఐఎల్ గేటు దాకా కూడా రాలేకపోయిన వర్గాల పిల్లలు ఈ గేటులోంచి డల్లాస్, న్యూజెర్సీ చేరారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనాభా సర్వే లెక్కలు చెప్పాయి. ఆ పెరుగుదలలో అమీర్‌పేట వాటా తక్కువేం కాదు. ఇంత మేలు చేసిన చోటే నకిలీ అనుభవ పత్రాల బేరం కూడా పుట్టింది. కంపెనీ రెండేళ్ల అనుభవం అడుగుతుంది. ఆ రెండేళ్లు ఇచ్చేవాడు ఎవడూ లేడు. అప్పుడు కుర్రాడు ఆ రెండేళ్లను కాగితం మీద కొనుక్కుంటాడు, వెరిఫికేషన్‌లో పట్టుబడితే జీవితాంతం మచ్చ. నేరం వాడిదే, అందులో సందేహం లేదు. కానీ ఆ నేరానికి గిరాకీ పుట్టించింది నేర్పే బాధ్యతను అందరూ వదిలేయడమే.

2003 తర్వాత పెద్ద సర్వీస్ కంపెనీలు కాలేజీలకే వచ్చి వందల్లో, వేలల్లో తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు ఖర్చు మళ్లీ యజమాని మీదికి వచ్చినట్టు అనిపించింది. మైసూరులో ఇన్ఫోసిస్ కట్టిన శిక్షణ కేంద్రం చూస్తే ఒక విశ్వవిద్యాలయం ఆవరణలా ఉంటుంది. జీతం ఇస్తూ నెలల తరబడి నేర్పారు. ఇది నా వాదనకు ఎదురు సాక్ష్యం కదా అని అడగొచ్చు. కొంతవరకు అవును. ఆ శిక్షణ లక్షల మందిని నిలబెట్టింది, అది గొప్ప పనే. కానీ రెండు సంగతులు గమనించాలి. ఆ కంపెనీలు ఏ బ్రాంచి వాళ్లనైనా తీసుకున్నాయి. ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ దాటితే మెకానికల్ అయినా కంప్యూటర్ సైన్స్ అయినా ఒకటే. దాంతో నాలుగేళ్లు చదివిన కంపైలర్లూ అల్గారిథమ్‌లూ ఎంపికలో పెద్దగా లెక్కలోకి రాలేదు. రెండోది, ఎవరికి ఏ స్ట్రీమ్ అన్నది అప్పుడు చేతిలో ఉన్న ప్రాజెక్టులను బట్టి కంపెనీ నిర్ణయించింది. జావా మీద ఆశ పెట్టుకున్నవాడికి మెయిన్‌ఫ్రేమ్ వచ్చింది, డెవలప్‌మెంట్ కోరుకున్న అమ్మాయికి టెస్టింగ్ వచ్చింది. బాండ్ సంతకం చేశాక కాదనే వీలు లేదు. ఈసీఐఎల్‌లో ఖర్చుతోపాటు చూసి ఎంచుకునే అవకాశమూ దొరికింది, ఇక్కడ ఖర్చు మాత్రమే దొరికింది. పైగా ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర మొదలయ్యే జీతం పదిహేనేళ్లకు పైగా దాదాపు అక్కడే ఆగిపోయింది. ధరలతో పోల్చి చూస్తే శిక్షణ ఖర్చును కొత్తగా చేరినవాళ్లే మెల్లగా తిరిగి చెల్లిస్తున్నట్టు లెక్క.

ప్రభుత్వం చేసిందేమీ లేదా అంటే, చేసింది. 1998లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ మొదలైంది, అదే ఏడాది నవంబర్‌లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. 2008లో పల్లెటూరి పిల్లల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ఆర్‌జీయూకేటీ క్యాంపస్‌లు వచ్చాయి. ఇంచుమించు అదే సమయంలో వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందరో పేదింటి పిల్లలను ఇంజనీరింగ్ గడప దాటించింది. ఆ పథకం విలువ తక్కువ చేసి చూడటం నాకిష్టం లేదు. కానీ అది కాలేజీ ఫీజు కట్టి ఆగిపోయింది. ఎస్ఆర్ నగర్ హాస్టల్ అద్దె, కోర్సు ఫీజు, ఇంటర్వ్యూలకు తిరిగే ఖర్చు, ఆ ఏడాది ఇంటికి డబ్బు పంపలేని లోటు, ఇవన్నీ ఇంటి మీదే పడ్డాయి. పట్టా దాకా తీసుకొచ్చి అక్కడ చేయి వదిలేశాం. దానికి మినహాయింపుగా నిలిచిన దారి ఒక్కటుంది. గేట్ పరీక్షలో అర్హత సాధించి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. పరిశోధన వైపు, డీఆర్‌డీవో లాంటి సంస్థల వైపు వెళ్లిన మధ్యతరగతి పిల్లల్లో చాలామంది అటు వెళ్లగలగడానికి ఆ చిన్న మొత్తమే ఊతం.

ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా తన దారి తాను వెతుక్కుంటాడు, ఈ ఖర్చుల గొడవ సామాన్యులకే అనే వాదన ఒకటుంది. దీనికి ఎక్కువగా చెప్పే ఉదాహరణ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. 1958లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పూర్తి చేసింది సివిల్ ఇంజనీరింగ్. మాటలను గుర్తుపట్టే కంప్యూటర్ల మీద చేసిన కృషితో 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. పట్టా ఏదైతేనేం అన్నదానికి ఇంతకన్నా రుజువేం కావాలంటారు. కానీ మధ్యలో ఏం జరిగిందో చూడాలి. ఆయన ఆస్ట్రేలియా వెళ్లి మాస్టర్స్ చేసి, అక్కడి ఐబీఎంలో మూడేళ్లు ఉద్యోగం చేశారు. కంప్యూటర్ల మధ్య గడిపిన ఆ మూడేళ్లకు జీతం వచ్చింది. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్ వెళ్లి జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ చేశారు. సివిల్ నుంచి కృత్రిమ మేధ దాకా ఆయన నడిచిన దారిలో ప్రతిభతోపాటు, నేర్చుకుంటూ బతకడానికి అవకాశమిచ్చిన సంస్థ కూడా ఉంది. అదే ప్రతిభ ఉన్న కుర్రాడిని ఆరు నెలల అప్పుతో ఎస్ఆర్ నగర్ గదిలో కూర్చోబెడితే, వాడు కూడా ఆ నెల బ్యాచ్‌లోనే చేరతాడు.

ఇప్పుడు పాఠాలన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి కదా అన్నది ఇంకో మాట. 2003లో మొదలైన ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎవరైనా వినొచ్చు, యూట్యూబ్‌లో తెలుగులోనే జావా నేర్చుకోవచ్చు. నిజమే, అది వరమే. అయినా అసలు ఖర్చు ఎప్పుడూ పాఠానిది కాదు. తిండి తిని, అద్దె కట్టి, ఏడాదిపాటు పెద్దవాళ్ల పక్కన నిజమైన పని చేస్తూ తప్పులు దిద్దించుకోవడానికి అయ్యే ఖర్చు అది. రైల్వే రిజర్వేషన్‌లో ఇద్దరికి ఒకే బెర్తు పడకుండా ఎలా ఆపాలో వీడియో చూసి తెలుసుకోవచ్చు, కోట్ల టికెట్ల మధ్య అది ఎందుకు తప్పిందో వెతికి పట్టుకోవడం మాత్రం పనిలోనే తెలుస్తుంది. ఇక కంపెనీలు చెప్పేది, మేం నేర్పిస్తే వాళ్లు వేరే చోటికి పోతారని. పోతారు. ఈసీఐఎల్ నుంచీ సీఎంసీ నుంచీ పోయారు. అలా పోయినవాళ్ల వల్లే ఈ ఊళ్లో కంపెనీలు పుట్టాయి, ఆ కంపెనీలున్నాయనే పెద్ద కంపెనీలు ఈ ఊరికి వచ్చాయి. ప్రతి కంపెనీ ఇంకొకరు నేర్పిన మనిషి కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే, చివరికి నేర్పేవాడే మిగలడు.

ఇప్పుడు ఆ దశలోకే వచ్చాం. 2022 తర్వాత కొన్ని కంపెనీలు ఆఫర్ లెటర్లిచ్చి నెలల తరబడి చేర్చుకోలేదు. కొత్తవాళ్లకు మొదట్లో అప్పగించే చిన్న చిన్న కోడింగ్ పనులను ఏఐ చేసిపెడుతోంది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. కాలేజీలు మాత్రం మిగతా బ్రాంచీలు తగ్గించి సీఎస్‌ఈ సీట్లు పెంచుతున్నాయి, వాటికి ఏఐ, డేటా సైన్స్ పేర్లు తగిలిస్తున్నాయి. గోడ మీది పేరు మార్చే అమీర్‌పేట పద్ధతి కాలేజీ లోపలికే వచ్చింది. ఈ పరిస్థితుల్లో తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీని ప్యాకేజీ ఎంతని అడిగే ముందు, మొదటి రెండేళ్లు మా పిల్లకు పని ఎవరు నేర్పుతారు, ఏ పని ఇస్తారు, దానికి జీతం ఎవరిస్తారు అని అడగండి. కాలేజీలో చేర్చేటప్పుడూ అదే అడగండి. ప్రభుత్వాన్ని అడగడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 30 మందీ అంతకు మించీ పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర శాతానికి తగ్గకుండా, 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పట్టభద్రుల స్టైపెండ్‌లో కొంత భాగం కేంద్రమే భరిస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలకూ ఆ నిబంధన వర్తిస్తుంది.